పూర్వుల వెండి నగలు: ఇంట శుభ్రపరచు విధము, కాపాడు విధము

మారిషస్ ద్వీపమున తెలుగు కుటుంబముల ఇండ్లలో పాత పెట్టె తెరచినచో, పట్టుచీర మడతల నడుమనో, చిన్న గుడ్డమూటలోనో, నల్లబడిన వెండి నగ యొకటి కనబడుట అరుదు కాదు. అది ముత్తవ్వ కాలి కడియము కావచ్చును, నాయనమ్మ మట్టెలు కావచ్చును, ఏనాడో ఒక పసిబిడ్డకు కట్టిన మొలత్రాడు కావచ్చును. వివాహమో, ఉగాదియో సమీపించినపుడు ఆ మూట విప్పబడును. నగ నల్లగా నుండుట చూచి ఇంటివారు నొచ్చుకొందురు. ఒకరు బూడిద తెత్తురు. ఒకరు పండ్లు తోముకొను పేస్టు తెత్తురు. మరియొకరు గిన్నెలు తోము ఇనుపపీచునే తెత్తురు. గడియ సేపటిలో నగ తళతళలాడును. అందరును సంతోషింతురు. ఆ తళతళకై ఏమి పోయినదో మాత్రము ఎవరును గమనింపరు.

వెండిపై నేర్పడు నలుపులో అధిక భాగము వెండియే. దానిని గీకి పారవేసిన ప్రతిసారియు పూర్వులు దాచి ఇచ్చిన వెండిలో కొంత నీటిపాలగును. కావున పాత నగను తక్కువగా తోమవలెను, మెత్తగా తోమవలెను. నల్లబడకుండ దాచుటకే ఎక్కువ శ్రద్ధ వహింపవలెను. ఈ పాఠమునకు సారము ఇంతే. ఇందుకు కారణములును, పని చేయవలసిన క్రమమును క్రింద వివరింపబడినవి.

1. ఈ వెండి ఎచ్చటిది?

1834వ సంవత్సరము నవంబరు 2వ తేదీన అట్లాస్ అను ఓడ 36 మంది ఒప్పంద కూలీలతో పోర్ట్ లూయీ రేవు చేరెను. వారు ఛోటానాగపూరు ప్రాంతమువారు. తరువాతి సంవత్సరములలో మద్రాసు నుండియు, గోదావరి ముఖము చెంతనున్న కోరంగి నుండియు ఓడలు వచ్చెను. గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతముల తెలుగువారు ఆ ఓడలలో వచ్చి చెరకు తోటలలో కుదిరిరి. వలసవారు అడుగిడిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది.

నాటి కూలీలలో అనేకులు తమ పొదుపును వెండి రూపముననే ఉంచుకొనిరి. కాగితము చదువలేనివారికి సయితము వెండి బరువు తెలియును. అది చేతికో, కాలికో ఉన్నంత కాలము కంటికి కనబడుచునే యుండును. 1876లో రూపాయిని ఈ ద్వీపపు నాణెముగా నిర్ణయించుటకు పూర్వమే భారతదేశపు వెండి రూపాయి వలసవారితో పాటు ఇచ్చట చెలామణి యైనది. వలస వెళ్ళిన భారతీయులు అనేక దేశములలో ఈ రూపాయలనే కంసాలి చేతికిచ్చి, కరిగించి, నగలు చేయించుకొనిరి. కొందరు నాణెములకు కొక్కెములు అతికించి దండగా ధరించిరి.

ఈ రూపాయి సరిగా ఒక తులము తూగును. 1835 నుండి అచ్చయిన రూపాయి బరువు 180 గ్రెయినులు, అనగా 11.66 గ్రాములు. అందు 165 గ్రెయినులు శుద్ధమైన వెండి, మిగిలినది రాగి మొదలగు లోహము. లెక్క ప్రకారము నూటికి 91.7 పాళ్ళు వెండి. 1940లో ఈ పాలు నూటికి 50కి తగ్గింపబడెను. 1947 నాటి రూపాయిలో వెండి లేదు. అది నికెలుతో చేయబడినది. కాబట్టి నాణెముల దండ ఇంటనున్నచో ఆ నాణెములపైని సంవత్సరములను చదువవలెను. దండ అన్నిటికంటె కడపటి నాణెపు సంవత్సరమునకు ముందు ఇప్పటి రూపమున ఉండి యుండదు. నగ వయస్సు తెలిసికొనుటకు ఇదియొక సులభ మార్గము.

తొలి ఒప్పందములలో పురుష కూలీకి నిర్ణయింపబడిన జీతము నెలకు 5 రూపాయలు. ఒక జత కాలి కడియములు 20 తులములు తూగుననుకొందము. అందుకు 20 రూపాయలు కరిగింపవలెను. అది నాలుగు నెలల జీతము. ఒక దినము పనికి రానిచో రెండు దినముల జీతము కోయు పద్ధతి తోటలలో ఉండెడిది. అట్టి జీతమునుండి మిగిల్చిన రూపాయలవి. జబ్బు చేసినపుడును, పంట లేనపుడును కుదువ పెట్టుటకు నగలే ఆధారము. 19వ శతాబ్దపు చివరి దశకములలో పెద్ద తోటలు ముక్కలుగా అమ్మబడినపుడు కూలీల కుటుంబములు తాము కూడబెట్టిన దానితోనే తొలిసారి భూమి కొనిరి. ఇన్ని అవసరములు దాటి నేటికిని ఇంట నిలిచిన నగను తేలికగా చూడరాదు.

2. నగల పేర్లు

నగను కాపాడువారు దాని పేరునుగూడ కాపాడవలెను. ఇంట క్రియోల్ భాష వాడుకలో నున్నను, ఈ పేర్లు పిల్లలకు నేర్పుట కష్టము కాదు.

మట్టెలు – వివాహిత కాలివేళ్ళకు ధరించు ఉంగరములు. బంగారము లక్ష్మీస్వరూపమని, దానిని నడుమునకు క్రింద ధరింపరాదని పెద్దల నమ్మకము; అందుచేత కాలినగలు వెండితోనే చేయబడును.

కడియము – చేతికిగాని కాలికిగాని ధరించు మందమైన వలయము. జబ్బకు ధరించునది దండకడియము.

పట్టీలు – కాలికి ధరించు సన్నని గొలుసులు. చిరుమువ్వలు కూర్చినచో మువ్వల పట్టీలు.

అందెలు – లోపల గుల్లగానుండి, చిన్న రాళ్ళో, గుండ్లో ఉంచుటచే నడచునపుడు ధ్వనించు కాలినగలు.

కంటె – మెడకు ధరించు గట్టి వలయము.

వడ్డాణము – నడుమునకు ధరించు పట్టీ.

మొలత్రాడు – మగపిల్లల మొలకు కట్టు గొలుసు లేక త్రాడు.

తాయెత్తు – మంత్రించిన రేకునో, కాగితమునో లోపల ఉంచిన చిన్న గొట్టము.

3. వెండి ఏల నల్లబడును?

వెండి ఇనుమువలె తుప్పు పట్టదు. గాలిలోని ప్రాణవాయువు మాత్రమే తాకినచో అది నల్లబడదు. దానికి గంధకముతో చుట్టరికము ఎక్కువ. గాలిలో అతి స్వల్పముగా నుండు గంధక వాయువులు వెండిని తాకి, దాని పైపొరతో కలిసి, వెండి సల్ఫైడు అను నల్లని పదార్థమగును. తొలుత పసుపుఛాయ, పిదప గోధుమరంగు, తరువాత నీలిఛాయ, తుదకు నలుపు ఏర్పడును. ఈ వెండి సల్ఫైడు బరువులో నూటికి 87 పాళ్ళు వెండియే. ఇసుకతోనో, ఇనుపపీచుతోనో నలుపును గీకినపుడు ఆ వెండియు పోవును, దాని క్రిందనున్న మంచి వెండియు కొంత పోవును.

గంధకము ఇంటిలో ఎచ్చటిది? కోడిగ్రుడ్డులో నున్నది, ఉల్లిలో, వెల్లుల్లిలో నున్నది, ఉన్నిబట్టలో నున్నది, రబ్బరులో నున్నది, కొన్ని రకముల అట్టలలోను, కాగితములలోను ఉన్నది. మనిషి చెమటలోను కొంత కలదు. గాలిలో తేమ ఎక్కువైన కొలది నలుపు త్వరగా పట్టును. క్యూర్‌పిప్ వంటి ఎత్తైన ప్రదేశములలో వాన, మంచు, చెమ్మ ఎల్లకాలము ఉండును. మాహెబూర్గ్ వంటి సముద్రతీర ప్రదేశములలో ఉప్పుగాలి వీచును. నవంబరు నుండి ఏప్రిలు వరకు వేసవి ఉక్కపోత ద్వీపమంతటను ఉండును. అందుచేత ఇచ్చట వెండి త్వరగా నల్లబడుటకు ఇంటివారి నిర్లక్ష్యమే కారణమని అనరాదు.

ఉప్పువలన వేరొక హాని కలదు. నగలోని రాగిపై, విశేషించి అతుకుల వద్ద, ఉప్పును చెమటయు చేరి ఆకుపచ్చని చిలుము పుట్టించును. నలుపు నగను తినివేయదు, చిలుము తినివేయును. నల్లని నగ పది సంవత్సరములు అట్లే యున్నను పెద్ద నష్టము లేదు. పచ్చని మచ్చ కనబడినచో ఆలస్యము చేయరాదు.

4. శుభ్రపరచుటకు ముందు చేయవలసిన పరీక్ష

నగను పగటి వెలుతురులో, తెల్లని గుడ్డపై నుంచి, అన్ని వైపుల త్రిప్పి చూడవలెను. ఈ ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఇది వెండియేనా? జర్మను వెండి అని పిలువబడు లోహములో వెండి లేశమైనను లేదు. అది రాగి, జింకు, నికెలుల మిశ్రమము. వెండిపూత గల నగలో, అరిగిన అంచుల వద్ద ఎర్రనిదో, పసుపుపచ్చనిదో లోహము తొంగిచూచును. అట్టి నగను ఎట్టి పొడితోను తోమరాదు. అయస్కాంతమునకు అంటుకొను నగ వెండి కాదు; అంటుకొననంత మాత్రమున వెండియని నిశ్చయింపనురాదు. 925 అను ముద్ర యున్నచో నూటికి 92.5 పాళ్ళు వెండి యని అర్థము. పల్లె కంసాలి చేసిన పాత నగలపై ముద్ర లేకున్నను అనుమానింప పనిలేదు.

రెండవది: లోపల ఏమున్నది? మందముగా కనబడు పాత కడియములలో కొన్ని నిండు వెండి కావు. పలుచని వెండి రేకును గొట్టముగా చుట్టి, లోపల లక్క నింపి చేసినవి. లక్క వేడికి కరగును. అట్టి కడియమును వేడినీట ముంచినచో లక్క కారి, రేకు సొట్టపడును. తాయెత్తు లోపలి కాగితము తడిసినచో తిరిగి రాదు. అందెల లోపలికి చేరిన నీరు సులభముగా బయటికి రాక, లోపలనుండి చిలుము పుట్టించును. ఈ మూడింటిని నీట ముంచరాదు. తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను.

మూడవది: రాళ్ళు, ముత్యములు, పగడములు ఉన్నవా? ఉన్నచో వాటికి పులుపును, సోడాయు, వేడినీరును తగులరాదు. దారమున గ్రుచ్చిన నగను నానబెట్టరాదు. దారము కుళ్ళి తెగును.

నాలుగవది: కొక్కెములు, అతుకులు గట్టిగానున్నవా? అరిగి దారమువలె సన్ననైన కొక్కెము గల నగను తోముటకు ముందే కంసాలికి చూపవలెను.

5. శుభ్రపరచు క్రమము

మొదటి మెట్టు: కడుగుట. ఒక గిన్నెలో గోరువెచ్చని నీరు పోసి, గాఢత లేని ద్రవసబ్బు రెండు మూడు చుక్కలు కలుపవలెను. కుంకుడుకాయ దొరకినచో దాని నురుగు చాలును. నగను కొళాయి క్రింద కడుగరాదు. చిన్న మువ్వయో, మరయో జారి తూములో పడిపోవును. పసిపిల్లల పండ్లు తోము మెత్తని కుంచెతో చెక్కడపు సందులలోని నూనెను, కుంకుమను, మట్టిని వదలింపవలెను. నల్లగా కనబడు నగలలో అనేకములు ఈ ఒక్క మెట్టుతోనే సగము తేటపడును. ఆ నలుపులో దీపపు మసియు, చెమటజిడ్డును కలిసియుండుటయే ఇందుకు కారణము.

రెండవ మెట్టు: నీట జాడించి ఆరబెట్టుట. కొళాయినీటిలో క్లోరిన్ కలిపియుండును గనుక, కడపటి జాడింపునకు బ్యాటరీలలో పోయు స్వేదనజలము మేలు. మెత్తని పాత నూలుగుడ్డతో అద్ది, నీడలో గాలికి ఉంచవలెను. మరునాటివరకు పెట్టెలో పెట్టరాదు.

మూడవ మెట్టు: గుడ్డతో మెరుగు. వెండి తుడుచుటకై అమ్మబడు ప్రత్యేకమైన గుడ్డతోగాని, ఉతికిన మెత్తని నూలుగుడ్డతోగాని, గుండ్రముగా త్రిప్పక, నగ పొడవు వెంట తిన్నగా రుద్దవలెను. పసుపుఛాయ, గోధుమఛాయ దీనితోనే పోవును. ఇచ్చట ఆగగలిగినచో ఆగుట మంచిది.

నాలుగవ మెట్టు: సుద్ద. నలుపు ఇంకను గాఢముగా నున్నచో, మందుల దుకాణమున దొరకు మిక్కిలి మెత్తని సుద్దపొడిని, అనగా కాల్షియం కార్బొనేటును, నీటితో పలుచని ముద్దగా కలిపి, దూదితో మెల్లగా రుద్దవలెను. పాత వెండికి వస్తుప్రదర్శనశాలలలో వాడునది సయితము ఇట్టి సుద్దయే. బడిలో వాడు సుద్దముక్కను నూరి వాడరాదు. అందు గరుకు రేణువులు ఉండవచ్చును. దూది నల్లబడిన కొలది మార్చుచుండవలెను. ఆ నలుపు వెండి అని మరువరాదు. కావున ఈ మెట్టు ఏ సంవత్సరమునకో ఒకసారి మాత్రమే. పిదప కుంచెతో సుద్దనంతయు కడిగి ఆరబెట్టవలెను.

చెక్కడపు లోతులలో మిగులు నలుపును వదలివేయవలెను. తీగ, పువ్వు, హంస మొదలగు రూపములు కంటికి స్పష్టముగా కనబడుట ఆ నీడవలననే. దానిని పూర్తిగా తీసినచో నగ బోడిగా కనబడును. అరిగిన అంచును, చిన్న గీతను చూచియు బాధపడ పనిలేదు. అవి ధరించినవారి గుర్తులు.

6. అల్యూమినియం రేకు పద్ధతి

ఇంట అందరికిని తెలిసిన ఈ పద్ధతిలో శాస్త్రము కలదు. గాజుగిన్నె అడుగున అల్యూమినియం రేకు పరచి, దానిపై నగను రేకునకు తగులునట్లు ఉంచి, లీటరు వేడినీటికి రెండు మూడు పెద్ద చెంచాల వంటసోడా కలిపి పోయుదురు. కొలది నిమిషములలో కుళ్ళిన గ్రుడ్డువంటి వాసన వచ్చును, నలుపు మాయమగును. ఇందు జరుగునది ఏమనగా, గంధకము వెండిని విడిచి అల్యూమినియమును చేరును. గీకుట లేదు గనుక వెండి నగమీదనే మిగులును.

అయినను ఇది పాత నగలన్నిటికిని తగదు. తిరిగి ఏర్పడిన వెండి గట్టి పొరగా కాక మసకగా, మెరుపు లేక యుండును. లోతులలోని నీడయు పోవును. లక్క నింపిన కడియములకు, తాయెత్తులకు, రాళ్ళ నగలకు, అందెలకు ఇది పనికిరాదు. చెక్కడము లేని నిండు వెండి గొలుసునకు, మడతలలో కుంచె దూరని సన్నని అల్లిక పట్టీలకు మాత్రము దీనిని అరుదుగా వాడవచ్చును. పిదప నీట చక్కగా జాడింపవలెను.

7. చేయరాని పనులు

బూడిద, ఇటుకపొడి, ఇసుక – వీటి రేణువులు వెండికంటె చాల గట్టివి. ఇత్తడి చెంబులకు చెల్లినది వెండి నగకు చెల్లదు.

పండ్ల పేస్టు – ఇందలి రేణువులు పంటికి తగినవి. మెత్తని వెండిపై సన్నని గీతలు పెట్టును. గీతలు పడిన వెండి మునుపటికంటె త్వరగా మాసినట్లు కనబడును.

చింతపండు, నిమ్మకాయ – రాగి, ఇత్తడి పాత్రల మచ్చకు ఇవి మంచివి. వెండి సల్ఫైడును పులుపు కరిగింపలేదు. అది వెండిలోని రాగిని, అతుకును మాత్రము తినును.

జావెల్ నీరు – బట్టలు తెలుపు చేయు ఈ ద్రవము వెండికి శత్రువు. నేల తుడుచునపుడును, బట్టలు ఉతుకునపుడును ఉంగరములు, మట్టెలు తీసివేయుట మేలు.

ముంచిన వెంటనే తెల్లబరచు ద్రావణములు – ఇందలి ఆమ్లమును, రసాయనమును సందులలో నిలిచిపోవును. చేతికిని ఊపిరికిని మంచివి కావు.

మెరుగు యంత్రము – నగను మరమ్మతునకు ఇచ్చునపుడు, అతుకు మాత్రము వేయవలెనని, యంత్రముపై మెరుగు పెట్టరాదని ముందుగానే చెప్పవలెను. తిరుగు చక్రమునకు ఒక నిమిషము చాలును; నూరేండ్ల చెక్కడము నునుపైపోవును.

8. దాచు విధము

నగకు అన్నిటికంటె మంచి కాపుదల దానిని ధరించుటయే. నిత్యము ధరించు మట్టెలు నల్లబడకుండుట అందరును చూచినదే. ఒరపిడివలన నలుపు నిలువదు. సముద్రస్నానమునకు, ఈతకొలనునకు, తలకు రంగు వేసికొనుటకు ముందు తీసివేయవలెను. తీసిన వెంటనే పొడిగుడ్డతో తుడువవలెను.

దాచి ఉంచు నగను, గంజియు, రంగును లేని ఉతికిన నూలుగుడ్డలో విడివిడిగా చుట్టి, మూత బిగియు పాలిథీన్ సంచిలో ఉంచి, గాలి వీలైనంత తీసి మూయవలెను. అందొక సిలికా జెల్ పొట్లము వేసినచో తేమను పీల్చును. సంవత్సరమునకొకసారి దానిని మార్చవలెను. ఉన్నిగుడ్డలో చుట్టరాదు. వార్తాపత్రికలో చుట్టరాదు. రబ్బరు పట్టీ వేయరాదు. దాని గీత నగపై నల్లగా నిలిచిపోవును. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్కు సంచి వాడరాదు. పెట్టెను వంటయింటికిని, స్నానపుగదికిని దూరముగా, వాన తగిలి చెమ్మగిల్లు గోడకు ఎడముగా ఉంచవలెను. వేసవి మొదట ఒకసారి, తుపానుల కాలము గడచిన పిదప ఒకసారి తెరచి చూచుట మంచి అలవాటు.

9. పూజలలో, పండుగలలో

అమ్మోరు పండుగనాడు, సింహాద్రి అప్పన్న పూజనాడు, రామభజనము జరుగు రాత్రి, ఇంటి స్త్రీలు పాత నగలు ధరింతురు. పసుపు, కుంకుమ, కొబ్బరినూనె, కర్పూరపు మసి సందులలో చేరును. ఇవి అపవిత్రములు కావు. అయినను అట్లే విడిచినచో తేమను పట్టియుంచి చిలుమునకు మూలమగును. మరునాడు ఉదయమే ముందు చెప్పిన మొదటి రెండు మెట్లు చేసినచో చాలును. దేవుని గదిలోని కుంకుమభరిణెకు, దీపపు కుందులకు, ఉద్ధరిణకు ఇదే పద్ధతి. దీపపు నూనె ఎండి గట్టిపడినచో గీకక, గోరువెచ్చని సబ్బునీట నానబెట్టి మెత్తపరచవలెను.

10. కరిగించుట, వ్రాసి ఉంచుట

పాత కడియము నేటి పద్ధతికి తగదని, దానిని కరిగించి కొత్త గొలుసు చేయింతమని కొందరు తలతురు. అది వారి సొత్తు, ఎవరును అడ్డగింపరాదు. ఒక సంగతి మాత్రము తెలిసి చేయవలెను. వెండిని తూచి ఇచ్చు వెల బరువుకు మాత్రమే; చేతిపనికి ఏమియు రాదు. ఆ పనితనము, ఆ రూపము, ఆ అరుగుదల తిరిగి రావు. పిమ్మట విచారించుట చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుటయే యగును. జత కడియములు ఇద్దరు బిడ్డలకు పంచవలసి వచ్చినచో, కరిగించుటకంటె చెరియొకటి ఇచ్చుట మేలు.

నగను శుభ్రపరచిన దినముననే ఒక కాగితముపై పెన్సిలుతో నాలుగు మాటలు వ్రాసి పెట్టెలో ఉంచవలెను: నగ పేరు, తూకము, ఎవరిది, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినది. ఓడలో వచ్చిన పూర్వుని వలస సంఖ్య తెలిసినచో దానినిగూడ వ్రాయవలెను. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు భద్రపరచబడిన భారతీయ వలస పత్రములలో ఆ సంఖ్యను బట్టి ఊరి పేరు, తండ్రి పేరు, వచ్చిన ఓడ తెలిసికొనుటకు వీలు కలదు. నగను ఎరిగిన పెద్దలు ఉన్నంత కాలమే దాని కథ తెలియును. ఆ పెద్దలు గతించిన పిదప, కాగితము లేనిచో, ముత్తవ్వ కడియము ఒక వెండి తుండుగా మాత్రమే మిగులును.

అభ్యాసము

1. వెండిపైని నలుపును గీకినచో పోవునదేమి? ఏల?
2. లక్క నింపిన కడియమును వేడినీట ఏల ముంచరాదు?
3. నెలకు 5 రూపాయల జీతముగల కూలీ 15 తులముల కంటె చేయింపవలెనన్నచో ఎన్ని నెలల జీతము కావలెను?
4. నలుపునకు, చిలుమునకు గల భేదమేమి? దేనికి తొందరపడవలెను?
5. నగను చుట్టుటకు తగనివి మూడు చెప్పుము.
6. ఇంటిలోని పెద్దవారిని అడిగి, ఒక వెండి నగ పేరు, తూకము, అది చేతులు మారిన క్రమము వ్రాసి, ఆ కాగితమును నగతో ఉంచుము.